వదంతి కాటేసిన ఊళ్లలో మనసుల మాటేమిటి?

ఖర్కాయ్ నది పొంగితే జంషెడ్‌పూర్ శివారులోని బాగ్‌బేరాలో ఏం చేయాలో అధికార యంత్రాంగానికి తెలుసు. లోతట్టు బస్తీలను ఖాళీ చేయించడం, శిబిరాలు తెరవడం, నీరు తీశాక నష్టం లెక్కగట్టడం అలవాటైన పనులే. అదే బాగ్‌బేరా 2017లో మరో రకం విపత్తును చూసింది. దానికి అలాంటి పద్ధతేదీ సిద్ధంగా లేదు.

ఆ ఏడాది మే 18న బాగ్‌బేరా పోలీస్ స్టేషన్ పరిధిలోని నాగాడీహ్‌లో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందన్న వాట్సాప్ వదంతి నమ్మిన గుంపు ఇద్దరు అన్నదమ్ములను, వారి మిత్రుణ్ణి కొట్టి చంపింది. అన్నదమ్ముల నానమ్మ కూడా ఆ దాడిలో తీవ్రంగా గాయపడి, తరువాత ఆసుపత్రిలో మరణించారు. అదే రోజు పొరుగున ఉన్న సరాయికేలా ఖర్సావాఁ జిల్లాలో ఇదే వదంతికి మరో నలుగురు బలయ్యారు. నిరసనలు ఘర్షణలుగా మారడంతో జంషెడ్‌పూర్‌లోని కొన్ని ప్రాంతాల్లో కర్ఫ్యూ విధించారు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం మానవ కారణాల వల్ల సంభవించే ఉపద్రవాలను కూడా విపత్తులుగానే నిర్వచించింది. బాధితులకు మానసిక, సామాజిక ఆసరా ఎలా అందించాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు వెలువరించింది. అయినా మూకదాడి శాంతిభద్రతల దస్త్రంగానే మిగిలిపోతుంది. కేసు నమోదు, అరెస్టులు, బందోబస్తు... అంతటితో సరి.

గాయం మాత్రం మృతుల ఇంటి దగ్గరే ఆగదు. కళ్లారా చూసిన పిల్లలు ఉంటారు, అడ్డుపడలేకపోయామని కుమిలేవారు ఉంటారు, ఇంటి మగవాడు జైలుకు వెళ్లాక ఊరి మధ్యే ఒంటరిగా మిగిలిన స్త్రీలు ఉంటారు. దాడి దృశ్యాలు ఫోన్లలో తిరిగినంత కాలం ఆ రోజు ముగియదు. ఉపద్రవంలో చిక్కుకున్న వారిలో దాదాపు అందరూ మానసిక వేదనకు లోనవుతారనీ, ఎక్కువమంది కాలక్రమంలో తేరుకుంటారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జరిగినదాన్ని వెంటనే వివరంగా చెప్పమని బాధితులను ఒత్తిడి చేయవద్దన్నది కూడా ఆ సంస్థ సలహానే. మూకదాడి సాక్షికి ఆ వెసులుబాటు లేదు. పోలీసులకు, ఆపై న్యాయస్థానంలో, ఏళ్ల తరబడి అదే కథ మళ్లీ మళ్లీ చెప్పవలసిందే. న్యాయానికి అది అవసరం. అందుకే ఆ ప్రయాణంలో తోడు ఉండేవారు మరింత అవసరం.

2018 జులై 17 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, మూకదాడి బాధితుల పరిహారం లెక్కించేటప్పుడు మానసిక గాయాన్ని కూడా పరిగణించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఇది చిన్న విషయం కాదు. అయితే పరిహారం వేరు, చికిత్స వేరు. జార్ఖండ్ శాసనసభ 2021 డిసెంబరులో మూకదాడుల నిరోధక బిల్లును ఆమోదించగా, మరుసటి ఏడాది గవర్నర్ దాన్ని తిప్పి పంపారు.

వదంతిని ముందే ఆపవచ్చని తెలంగాణ అనుభవం చెబుతోంది. 2018లో ఇదే తరహా పుకార్లు వ్యాపించినప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, జానపద కళాకారుల పాటలతో, దండోరాతో ప్రజల భయాన్ని పోగొట్టారు. ఊరి భాషలో, ఊరికి తెలిసిన మనిషి చెప్పిన మాటే అక్కడ పనిచేసింది. గాయపడ్డాక ఇచ్చే ఆసరాకూ ఇదే వర్తిస్తుంది.

జార్ఖండ్‌కు వనరులు లేవనడానికి వీల్లేదు. 1918లో మొదలైన కేంద్రీయ మనోరోగ చికిత్సా సంస్థ రాంచీ శివారు కాంకేలోనే ఉంది. కానీ నిద్రపట్టని తల్లి అంత దూరం తనంతట తాను వెళ్లడం అరుదు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలను జార్ఖండ్‌లో ‘సహియా’ అంటారు. బిడ్డల టీకాల కోసం ఎలాగూ గడప తొక్కే సహియాకు మనోవేదన గుర్తించే శిక్షణ ఇచ్చి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంతో అనుసంధానిస్తే, శిబిరం ఎత్తేశాక కూడా ఆ ఊరికి వెళ్లే మనిషి ఒకరుంటారు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు, తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో అందుతోంది. ఆ నంబరును వరద హెచ్చరికలతో పాటు బస్తీల గోడలపై రాయించడానికి పెద్ద ఖర్చు కాదు.