బలరాం మనవాడు కాడా?

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, ఇండియాకి లెఫ్ట్ వింగ్‌లో ఆడిన ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం గారి ఫోటో వార్షికోత్సవంలో పెడదామన్నాను. "వాళ్ళింట్లో తమిళం కదండీ" అన్నారు ఒకరు. మరి అంబత్తూరులో ఉంటూ తమిళ మీడియంలో చదివిన నేనెవరిని?

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం, ఆ జట్టులో ఆయనున్నారు. 1960 రోమ్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టారు. 1962 జకార్తాలో బంగారం. తర్వాత ఈస్ట్ బెంగాల్ వదిలి బి.ఎన్.ఆర్.లో చేరారు, అంటే మా రైల్వే జట్టే (నా పక్షపాతం అదే అనుకోండి!). ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే ఆట ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో పోయారు, అర్జున తప్ప పద్మశ్రీ కూడా ఇవ్వలేదు. ఢిల్లీ వాళ్ళ సంగతి సరే. మనం కూడా ఇంటి భాష అడిగి ఫోటో పెడతామా? ఫ్రేము ఖర్చు నాది.