"గ్యాస్ అయిపోయింది ఖాలా!"

ఎండాకాలం వచ్చిందంటే మా ఖాలా ఇంట్లో ఒక రివాజు. ఏసీ కూలింగ్ తగ్గుతుంది. మిస్త్రీ వస్తాడు. "గ్యాస్ అయిపోయింది ఖాలా" అంటాడు. ఖాలా పర్సు తీస్తుంది. ఏసీ కొన్నప్పటి నుంచి, మూడేళ్లుగా ఇదే తమాషా.

అయిపోవడానికి అదేమన్నా బండిలో పోసే పెట్రోలా భాయ్? ఏసీలో గ్యాస్ రాగి పైపుల్లో లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటుంది, ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోంది. కొత్త ఏసీలో లీకంటే మొదట షక్ పడాల్సింది ఫిట్టింగ్ మీదే. పైపు చివర ఫ్లేరింగ్ సరిగా చేయకుండా నట్టు బిగించేసి ఉంటారు. సబ్బు నురగ రాసి చూడండి, లీకున్న చోట బుడగలు లేస్తాయి. అది వెతక్కుండా గ్యాస్ నింపడం ఇలాజ్ కాదు, చిల్లు కుండలో నీళ్లు పోయడం!

మన ఆదత్ చూడండి. ఏసీ కొనడానికి నాలుగు దుకాణాలు తిరుగుతాం. ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు అని ఆరా తీస్తాం. ఐదు వందల కోసం గంటసేపు బేరమాడతాం. "ఫిట్టింగ్ ఫ్రీ" అనగానే దిల్ ఖుష్! ఆ స్టార్లు ల్యాబులో పరీక్ష చేసి ఇచ్చినవి, మీ గోడ మీద చూసి ఇచ్చినవి కావు. ఔట్‌డోర్ యూనిట్‌ను గాలాడని ఇరుకు సందులో పెడితే, తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. అప్పుడు ఐదు స్టార్లున్నా బిల్లు పెరగాల్సిందే.

ఇంతకీ ఫ్రీ అంటే ఏమిటి? ఆ కుర్రాడికి ఏసీకింత అని లెక్క. మీది పొద్దుట్నుంచి అయిదో ఇల్లు. పైపుల్లో గాలినీ తేమనూ లాగేయడానికి వాక్యూమ్ పంపు కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు నడవాలి. వాడికంత ఫుర్సత్ లేదు. అసలు పంపే లేదు. అందుకని వాల్వు కాస్త తిప్పి, మీ గ్యాస్‌తోనే గాలిని బయటికి తోసేస్తాడు. ఫిట్ చేసిన రోజే కొంత గ్యాస్ బర్బాద్. తేమ మాత్రం లోపలే ఉండిపోయి మెల్లగా కంప్రెసర్‌ను తినేస్తుంది. పైగా ఇప్పుడు చాలా ఏసీల్లో వస్తున్న ఆర్-32 గ్యాస్‌కు కొద్దిగానైనా మంట అంటుకునే గుణముంది. దాన్నిలా వదలడం మజాకా?

నేను ఆ కుర్రాణ్ణి తిట్టడం లేదు. వాళ్లలో చాలామంది మన మొహల్లా పిల్లలే. బెల్టు కూడా లేకుండా మూడో అంతస్తు గోడకు వేలాడే పిల్లలు. వాళ్ల హునర్‌కు ఒక ప్లేటు బిర్యానీ ఖీమత్ కూడా కట్టకుండా పక్కా పని కావాలంటే అది నాఇన్సాఫీ. దుకాణందారు ఇవ్వడు, మనమూ ఇవ్వం. మరి పంపెవరు కొంటారు?

"పైన ఇంకో వెయ్యి ఎందుకు దండగ?" అంటారు కొందరు. మూడేళ్లలో గ్యాస్‌కు పోసిన డబ్బు ఎంతయిందో ఖాలానే అడగండి.

ఈసారి ఖాలా గుమ్మంలోనే ఆపింది. "వాక్యూమ్ పంపు తెచ్చావా బేటా?" వాడు తల గోక్కుని వెళ్లిపోయాడు. మర్నాడు కిరాయికి తెచ్చాడు. లీకున్న నట్టు విప్పి, ఫ్లేరింగ్ మళ్లీ చేసి, పంపు నడిపాకే గ్యాస్ నింపాడు. పంపు కిరాయి ఖాలాయే ఇచ్చింది.