రాకెట్టు దేనిని తన్ని ఎగురుతుంది?

1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ దినపత్రిక తన సంపాదకీయ పుటలో ఒక భౌతికశాస్త్రాచార్యుణ్ణి పరిహసించింది. ఆయన పేరు రాబర్ట్ గొడార్డ్. అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. రాకెట్టును చంద్రునిదాకా పంపడం సాధ్యమేనని సూచిస్తూ ఆయన రాసిన చిన్న గ్రంథాన్ని స్మిత్‌సోనియన్ సంస్థ అప్పుడే వెలువరించింది. పత్రిక లేవదీసిన అభ్యంతరం ఇది: వాతావరణం దాటిన తర్వాత ఉన్నది శూన్యం, తన్నడానికి ఏమీ లేనిచోట రాకెట్టు ముందుకు ఎలా పోతుంది? ఉన్నత పాఠశాలలో చెప్పే చర్య, ప్రతిచర్యల పాఠమైనా ఈ ఆచార్యునికి తెలియదు కాబోలునని ఎత్తిపొడుపు కూడా జోడించింది.

పాఠం తెలియనిది పత్రికకే. అయినా ఆ పొరపాటు సహజమైనదే. మనిషి నేలను తన్ని నడుస్తాడు. పడవవాడు తెడ్డుతో నీటిని వెనక్కు నెడతాడు. కదలాలంటే బయట ఒక ఆధారం ఉండి తీరాలని అనుభవం మనకు నేర్పుతుంది.

ప్రతి చర్యకు సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ 1687లో ప్రకటించిన మూడవ సూత్రాన్ని విద్యార్థులందరూ వల్లిస్తారు. చిక్కేమిటంటే ఆ వాక్యంలో ఎవరు ఎవరిని నెడుతున్నారో కనిపించదు. ఒక వస్తువు రెండవదాన్ని నెడితే, అదే క్షణంలో రెండవది మొదటిదాన్ని అంతే బలంతో ఎదురు నెడుతుంది. రెండు బలాలు, రెండు వేరువేరు వస్తువుల మీద. ఇది గమనించనివారికి ఎడ్లబండి కూడా పెద్ద చిక్కుముడే. ఎద్దు బండిని ఎంత బలంతో లాగుతుందో బండి ఎద్దును అంతే బలంతో వెనక్కు లాగుతుంది కదా, మరి బండి కదలడమెట్లా? ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పడితే కదా రద్దయ్యేది! బండి సంగతి చూడాలంటే బండి మీద పనిచేసే బలాలనే లెక్కించాలి: ముందుకు ఎద్దు లాగుడు, వెనక్కు దారి కలిగించే నిరోధం. మొదటిది ఎక్కువైతే బండి కదలనారంభిస్తుంది. ఇక ఎద్దు గిట్టలతో నేలను వెనక్కు నెడుతుంది. నేల దాన్ని ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడు బండి వెనక్కు లాగేదాన్ని మించితే ఎద్దూ కదులుతుంది. బురదలో గిట్టలు జారితే ఎంత బలిష్ఠమైన ఎద్దయినా ఏమీ చేయలేదు.

మరి నేల లేనిచోట? గోదావరి రేవులో పడవ మీదినుంచి ఒడ్డుకు దూకేవాణ్ణి చూడండి. 60 కిలోల మనిషి సెకనుకు 2 మీటర్ల వేగంతో ముందుకు దూకితే, 120 కిలోల పడవ సెకనుకు 1 మీటరు వేగంతో వెనక్కు పోతుంది (నీటి నిరోధాన్ని లెక్కించకపోతే). ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం రెండువైపులా సమానం. పడవ వెనక్కు పోవడానికి కారణం దూకినవాడే.

రాకెట్టు ఆ పడవవంటిది. దూకేది మాత్రం మనిషి కాదు, మండిన ఇంధనపు వాయువు. సెకనుకు 100 కిలోల వాయువును సెకనుకు 2,500 మీటర్ల వేగంతో చిమ్మితే 2,50,000 న్యూటన్ల బలం పుడుతుంది. అది సుమారు 25 టన్నుల బరువుకు సమానం. ఈ లెక్కలో బయటి గాలి ప్రసక్తే లేదు. తన్నడానికి కావలసినదాన్ని రాకెట్టు తన కడుపులోనే మోసుకొని పోతుంది. గాలి ఉంటే అడ్డమే.

గొడార్డ్ ఈ మాటను ఊహించి చెప్పలేదు. ఎగతాళికి ముందే, గాలి తీసివేసిన గొట్టాలలో రాకెట్లు పేల్చి చూశాడు. శూన్యంలో బలం తగ్గకపోగా కొంత పెరిగింది. 1926 మార్చి 16న ఆబర్న్ ఊరి పొలంలో పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచే తొలి రాకెట్టును ఎగరేశాడు. అది రెండున్నర సెకన్లు ఎగిరి, 41 అడుగుల ఎత్తు చేరి పడిపోయింది. ఆయన 1945లో కన్నుమూశాడు. 1969 జులై 17న, అపోలో 11 చంద్రుని దారి పట్టిన మరునాడు, అదే పత్రిక రాకెట్టు శూన్యంలోనూ పనిచేస్తుందని ఒప్పుకొని, పొరపాటుకు విచారం తెలిపింది. అందుకు 49 ఏళ్లు పట్టింది.

1980 జులై 18న శ్రీహరికోటనుంచి లేచిన ఎస్.ఎల్.వి.-3 వాహనం బరువు 17 టన్నులు; అది కక్ష్యలో నిలిపిన రోహిణి బరువు 35 కిలోలు. చివరిదైన నాలుగవ అంచె మండినది గాలి లేదనదగిన ఎత్తులోనే.