సముద్రానికి కాపలా సరే, సముద్రం మీద బతికేవాడికి?

కోస్ట్‌గార్డు మన నీళ్ళని బాగా కాస్తున్నదా అని అడిగితే పట్నం పెద్దలు వెంటనే లెక్క చూపిస్తారు. 2024 నవంబరులో అండమాన్ దగ్గర ఒక మయన్మార్ పడవని పట్టుకుని దాదాపు 6 టన్నుల మత్తుమందు స్వాధీనం చేసుకున్నారు. నిజమే, అది చిన్న పని కాదు. తుపాను వస్తుందంటే ఓడల మీంచి, విమానాల మీంచి పిలిచి పడవల్ని ఒడ్డుకి మళ్ళించేదీ వాళ్ళే. కాదనడానికి మేం ఇది రాయడం లేదు. మేం అడిగేది ఒక్కటే. భద్రత భద్రత అంటున్నారు గదా, ఎవరికి?

2008 నవంబరులో బొంబాయి మీద దాడికొచ్చిన 10 మంది ముందుగా చంపింది ఎవర్ని? హోటళ్ళలో ఉన్నవాళ్ళని కాదు. పోరుబందరుకి చెందిన 'కుబేర్' పడవ మీద వేటకెళ్ళిన అయిదుగురు జాలర్లని. ఆ పడవ మీదనే బొంబాయి దాకా వచ్చారు. నేవీ, కోస్ట్‌గార్డు, పోలీసు, ఇన్ని కాపలాలు దాటుకుని మచ్చిమార్ నగర్ ఒడ్డున దిగితే, ఎవరు మీరని అడిగింది అక్కడి చేపలవాళ్ళే.

ఆ తర్వాత ఏం చేశారు? 2009లో 12 నాటికల్ మైళ్ళ లోపలి తీర భద్రతని కోస్ట్‌గార్డుకి అప్పగించారు. మెరైన్ పోలీసు స్టేషన్లు పెంచారు. చేపలవాళ్ళకి వేలిముద్రల కార్డులు తెచ్చారు. మీరే మా కళ్ళూ చెవులూ అని ఊరూరా సభలు పెట్టి చెప్పారు. కళ్ళూ మనవే, చెవులూ మనవే, జీతం మాత్రం ఇంకెవరిదో! పైగా సముద్రం మీద ఆపితే ముందు కార్డు చూపించాల్సింది మనమే. 1993లో బొంబాయి పేలుళ్ళకి వాడిన మందుగుండు రాయగఢ్ తీరాన దిగినప్పుడు దారి ఇచ్చింది లంచం తిన్న కస్టమ్స్ అధికారులు, పోలీసులు. కోర్టు వాళ్ళకి శిక్షలు కూడా వేసింది. అయినా అనుమానమంతా కింది కులాలవాడి పడవ మీదే!

ఇక మన తీరం సంగతి. 1994 చట్టం, దాని కింది నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదు. ఆ నీళ్ళు తెప్పలవాళ్ళవి, నాటుపడవలవాళ్ళవి. ట్రాలరు లోపలికొచ్చి వల తెంపుకుని పోతే ఎవరికి చెప్పుకోవాలి? అది ఫిషరీస్ వాళ్ళ పని అంటారు. ఫిషరీస్ వాళ్ళు ఆఫీసులో ఉంటారు, ట్రాలరు నీళ్ళ మీద ఉంటుంది. అప్పు చేసి కొన్న వల పోవడం ఎవరి లెక్కలోనూ భద్రత కాదు. పరాయి దేశపు పడవొస్తే చొరబాటు, షావుకారు బోటొస్తే వ్యాపారమా?

బతుకు ఇక్కడ సాగకనే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ దాకా కలాసీలుగా పోతున్నారు. 2018 నవంబరులో అలా పోయినవాళ్ళని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో 20 మంది ఇళ్ళకి చేరారు. ఏడాది పైగా కరాచీ జైల్లో ఉన్నారు. సర్ క్రీక్ దగ్గర రెండు దేశాల నడుమ నీటి గీత ఇప్పటికీ తేలలేదు. రెండు ప్రభుత్వాలు గీయలేని గీతని అక్షరం రాని కలాసీ రాత్రిపూట చూసి ఆగాలట! (వాళ్ళ కథ మీద సినిమా కూడా వచ్చింది. వలసలు మాత్రం ఆగలేదు.)

మళ్ళీ సభ పెట్టడానికి మీ ఊరొస్తారు. టీ తాగి చప్పట్లు కొట్టి పంపొద్దు. ఆపదలో 1554కి ఫోన్ చెయ్యమంటారు, సిగ్నలు అందని చోట ఏం చెయ్యాలో అడగండి. ఆపద కబురు పంపే యంత్రం బోటు ఓనరుకేనా, తెప్పలవాడికీ ఇస్తారా అని అడగండి. గస్తీ బోట్ల మీద మన పిల్లలకి ఎన్ని ఉద్యోగాలిచ్చారో సంఖ్య చెప్పమనండి. వల తెగిన ఫిర్యాదుని అక్కడే కాగితం మీద రాయించి, సంతకం పెట్టించి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.