పిల్లిని తిట్టే ముందు కార్తె చూడండి

వీడియోలో మా పెరట్లోని నారుమడి చూశారు కదా. మడి నిండా కంది పుల్లలు గుచ్చి ఉన్నాయి, ఓ మూల ఇసుక తొట్టె ఉంది. "ఇదేటండి, నారుమడా, ముళ్ల కంచా?" అని అడిగిన వాళ్లున్నారు. పుల్లలు పిల్లి కోసమే. కానీ ఈ రోజు నేను చెప్పదలుచుకున్న దాంట్లో పిల్లి సంగతి సగమే. మిగతా సగం మన తొందర గురించి.

2021లో వినాయక చవితి సెప్టెంబరు 10న వచ్చింది. పండగ వెళ్లిన మర్నాడే నేను టమాటా, వంగ గింజలు పోసేశాను. వంగ గింజ బజార్లో కొన్నది కాదు. మా అమ్మ ఏటా దాచుకుంటూ వచ్చిన నాటు గింజ, గుప్పెడే ఉంది. వానాకాలం కదా అని మడి మీద పాలిథిన్ షీటు పందిరిలా కట్టాను. వారం తిరిగేసరికి మొలకలొచ్చాయి. ఆ మర్నాటి నుంచి మా పిల్లి మొదలెట్టింది. పొద్దున్నే వెళ్తే ఓ మూల మట్టి ఎగజిమ్మి ఉండేది, మొలకలు వేళ్లతో సహా పైకొచ్చేసేవి. ఇంటిల్లిపాదీ దాన్ని తిట్టాం. సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విశాఖలో కుండపోత. పందిరి ఎగిరిపోయింది, మడిలో నీళ్లు నిలిచాయి, రెండు రోజుల్లో మిగిలిన నారంతా పడిపోయింది.

పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసి ఒకటే మాటంది: "పిల్లి నాలుగు మొక్కలు పీకినాది బాబూ. మిగతాయి నువ్వే సంపీసినావు."

అప్పుడు కోపం వచ్చింది కానీ, మడి దగ్గర కూర్చుని చూస్తే ఆవిడ చెప్పిందే నిజం. నారు పోయినప్పుడు ముందు నేరస్తుణ్ని సరిగ్గా పట్టుకోవాలండి. మట్టి గుంటలా తవ్వి, పక్కన కుప్పగా ఎగదోసి, మొలక వేరుతో సహా బయట పడి ఉంటే అది పిల్లి. మట్టి కదలకుండా మొలక అక్కడే పడిపోయి, కాండం మొదలు నీళ్లు తాగినట్టు మెత్తబడి దారంలా సన్నబడితే అది నారుకుళ్లు. రాత్రికి రాత్రి నేల దగ్గర కత్తిరించినట్టు తెగితే పురుగు పని. ఆకులు చిల్లులు పడి, వెండి చారలా జిగురు కనిపిస్తే నత్త. మన పెరళ్లలో ఈ నాలుగింటి నిందా పిల్లి ఒక్కతే మోస్తోంది. ఎందుకంటే మన కంటికి కనిపించేది అదొక్కటే.

అసలు పిల్లి నారుమడికే ఎందుకొస్తుంది? మన మీద పగతో కాదు కదా. దానికి కావాల్సింది రెండే. మలవిసర్జనకి పొడిగా, గుల్లగా, తవ్వితే తేలిగ్గా లేచే మట్టి. ఎండల్లో పడుకోవడానికి చల్లటి చోటు. ఇప్పుడు మనం తొందరపడి విత్తే రెండు సమయాలూ ఆలోచించండి. మే నెలలో, రోహిణి కార్తెలో, పెరడంతా పెనంలా కాలుతుంటే నీడ కట్టి రెండు పూటలా తడిపే నారు తొట్టె ఒక్కటే చల్లగా ఉంటుంది. పిల్లి వెళ్లి అందులో పడుకుంటుంది. సెప్టెంబరులో నేలంతా బురదైతే, పందిరి కింద మన నారుమడి ఒక్కటే పొడిగా ఉంటుంది. పిల్లి వెళ్లి అక్కడే తవ్వుతుంది. వేళ కాని వేళ విత్తిన మడి, పెరడు మొత్తం మీద పిల్లికి అనువైన ఏకైక జాగా అన్నమాట. దాన్ని తయారు చేసి పెట్టింది మనమే. అదే నేల అంతటా ఒకేలా పదునుగా ఉన్న రోజుల్లో విత్తితే మడికి ఆ ప్రత్యేకత ఉండదు. మొలక కూడా త్వరగా లేచి నేలను కప్పేస్తుంది.

ఇంకో ఆహ్వానం కూడా మనమే పంపుతున్నాం. విశాఖలో ఫిషింగ్ హార్బర్ నుంచి, జాలరిపేటల నుంచి చేప వ్యర్థాలు తేలిగ్గా దొరుకుతాయి. అనకాపల్లి బెల్లం పక్కనే ఉంది. రెండూ కలిపి ఊరబెట్టి చేప ద్రావణం చేసుకుంటాం, మంచిదే. కానీ దాన్ని నారుమడిలో పోసి "పిల్లి ఎందుకొచ్చింది" అంటే ఎలా? నారుకి పల్చటి జీవామృతం చాలు. చేప ద్రావణం మొక్క నాటి, వేళ్లూనుకున్నాక వాడండి. పోసిన చోట మట్టి కప్పండి, డబ్బా మూత గట్టిగా బిగించండి.

ఇక తొందర సంగతికి వద్దాం. ఇక్కడ కొందరు ప్రకృతి వ్యవసాయదారులు నాతో వాదిస్తారని తెలుసు. "రైతు సాధికార సంస్థ వాళ్లే వానలకు ముందు పొడి దుక్కిలో విత్తమంటున్నారు కదా, ముందే విత్తితే తప్పేంటి?" అని. అది పీఎండీఎస్. నవధాన్యాల గింజలకు బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి ఉండలు చేసి, పైన ఆచ్ఛాదన కప్పే పద్ధతి. ఆ గింజ పదును దొరికే దాకా నేలలో కాచుక్కూచుంటుంది. పదిహేను, ఇరవై రకాలు కలిపి చల్లుతాం, నాలుగు రకాలు పోయినా మిగతావి నేలను కప్పుతాయి. దాని లక్ష్యం నేలను పచ్చగా ఉంచడం. నారుమడి అలా కాదు. రోజూ నీళ్లు పోసి లేపిన టమాటా మొలకకి వెనక్కి వెళ్లే దారి లేదు. నేల వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా గింజ మొలకే తగ్గిపోతుంది, మొలిచింది కూడా సాగిపోయి బలహీనంగా ఉంటుంది. పీఎండీఎస్ సూత్రాన్ని నారుమడికి అంటగట్టకండి.

ఇంకొందరు యూరప్, అమెరికా తోటల వీడియోలు చూసి రెండు నెలల ముందే ట్రేలు నింపేస్తున్నారు. వాళ్లకి వేసవి చిన్నది, మంచు వెనక్కి తగ్గే దాకా బయట నాటలేరు. అందుకే ఇంట్లో ముందే నారు పోస్తారు. మనకు మంచు భయం లేదు. మన భయం ఎండ, తుపాను. వాళ్ల తొందరకి కారణం ఉంది, మన తొందరకి లేదు.

మన తీరం లెక్క మనకుంది. 2022 మే రెండో వారంలో అసని తుపాను వల్ల కోస్తాలో వానలు పడితే తొలకరి వచ్చేసిందనుకుని విత్తిన వాళ్లున్నారు. ఆ తర్వాత రోహిణి ఎండ ఉండనే ఉంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న నేరుగా విశాఖ మీదికే వచ్చింది. అంటే చిత్త కార్తె మొదట్లో. ముందుగానే నారు పోసి, అప్పటికే బయట నాటేసిన మొక్క ఆ గాలికి నిలుస్తుందా? తుపాను ఏ ఏడాది వస్తుందో మనం చెప్పలేం. ఏ నెలల్లో వస్తుందో మాత్రం బాగా తెలుసు.

అందుకే నా అభిప్రాయం ఇదండి. ఖరీఫ్ కూరగాయలకు మృగశిరలో, అంటే జూన్ 8 తర్వాత, రెండు గట్టి వానలు పడ్డాకే నారు పొయ్యండి. మిట్టమధ్యాహ్నం మట్టిలో వేలు లోతుకి చెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగలాలి. శీతాకాలపు టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్‌కి చిత్త కార్తె దాకా ఆగండి. నారు పందిరి కిందే పెంచి, పాతిక ముప్పై రోజులకి స్వాతి వెళ్లి విశాఖ కార్తె వచ్చేటప్పటికి బయట నాటండి. గింజ మొత్తం ఒకేసారి పొయ్యకండి. మూడు భాగాలు చేసి పది రోజుల తేడాతో పొయ్యండి. నాటు గింజైతే ఒక వంతు మరుసటి ఏడాది కోసం పక్కన పెట్టాకే ఈ లెక్క. గింజ డబ్బాలో ఉన్నంత కాలం తుపాను దాన్నేమీ చెయ్యదు.

"ముందొచ్చిన పంటకే కదా రైతుబజారులో ధర" అంటారా? నిజమే, కాదనను. ఆనందపురం, పద్మనాభం వైపు కూరగాయలు పండించే రైతుకి ఆ పది రోజుల తేడా డబ్బే. షేడ్‌నెట్టు, ప్రోట్రేలు, ఎత్తు మడులు, నీరు పోయే కాలవ ఉన్నవాళ్లు ఒక వంతు ముందే వేసుకోండి. అది తెలిసి పెట్టే పందెం. పెరట్లో, మిద్దె మీద, చేతిలో గుప్పెడు గింజ ఉన్నవాడికి ఆ పందెం ఎందుకు? కంపెనీ గింజ పోతే డబ్బు పోతుంది, మళ్లీ కొనుక్కోవచ్చు. ఇంటి గింజ పోతే ఎక్కడ కొంటాం? మా వంగ గింజ తిరిగి దొరకడానికి అమ్మ పుట్టిన ఊళ్లో రెండేళ్లు వెతికాను.

సరైన వేళ విత్తినా పిల్లి అప్పుడప్పుడు వస్తుంది. మొలక వచ్చిందని పైన కప్పిన గడ్డి తీసేసిన సాయంత్రమే మడికి ప్రమాదం. గడ్డి తీసిన వెంటనే నాలుగు వేళ్ల దూరంలో జానెడు కంది పుల్లలు గుచ్చేయండి. పిల్లి కూర్చోవడానికి చోటుండదు. మడి పైభాగం ఎండిపోనివ్వకండి. పాత చేపల వల కప్పుతామంటే మంచినీళ్లలో నాలుగైదుసార్లు ఉతకండి. లేకపోతే ఉప్పుకి మొక్క, వాసనకి పిల్లి. వెదురు బద్దల మీద వలను బిగుతుగా లాగి అంచుల్లో ఇటుకలు పెట్టండి. వదులుగా ఉంటే పిట్టలు, పాములు, పిల్లి కూనలు చిక్కుకుంటాయి. మడులకు దూరంగా, నీడలో ఒక తొట్టెలో పొడి ఇసుక పొయ్యండి. అది అలవాటైతే పిల్లి మడి వంక చూడదు.

నాఫ్తలీన్ ఉండలు, కారంపొడి చల్లమని చెప్పేవాళ్ల మాట వినకండి. నాఫ్తలీన్ పిల్లికి విషం. పురుగు మీద మందు కొట్టనని ఒట్టు పెట్టుకున్న మనం, ఇంట్లో తిరిగే జీవి మీద విషం ఎలా పెడతాం?

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. పిల్లి మలం కంపోస్టులో వెయ్యొద్దు, కొత్తిమీర, పాలకూర మడిలో ఉండనివ్వొద్దు. అందులో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. గర్భిణుల కడుపులోని బిడ్డకి అది హాని చేస్తుంది. బయట పడ్డాక ఒకటి నుంచి ఐదు రోజుల్లో అది అంటుకునే స్థితికి వస్తుంది, తడి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అందుకే తొట్టెను రోజూ శుభ్రం చేసి, మలాన్ని మడులకు దూరంగా లోతుగా పూడ్చండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని వేరేవాళ్లు చెయ్యాలి. పచ్చిగా తినే ఆకుల్ని బాగా కడగండి.

ఇదంతా ఎందుకు, పిల్లిని తరిమేస్తే పోదా? ఉక్కునగరం క్వార్టర్సు పెరళ్లలోనో, గాజువాక సందుల్లోనో తోట పెంచే వాళ్లను అడగండి, పందికొక్కులు, ఎలుకలు ఏం చేస్తాయో చెబుతారు. దాచుకున్న గింజని కాపాడేది కూడా ఆ పిల్లే.

కిందటి అక్టోబరులో నారు పోస్తుంటే పక్కింటి పెద్దమ్మ మళ్లీ గోడ మీంచి చూసింది. "చిత్త వచ్చినాదా బాబూ?" అంది. వచ్చిందని చెప్పాను. "అయితే పొయ్యి" అని లోపలికి వెళ్లిపోయింది. మా పిల్లి ఇసుక తొట్టెలో పడుకుని ఉంది.