శ్రుతి మించిన శక్తి

వేగం మీద మోజు లేని యౌవనం ఏ కాలంలోనూ లేదు. ఒక తరం గుర్రాన్ని దౌడు తీయించి మురిసింది. మరొక తరం అద్దె సైకిలును చేతులు వదిలి తొక్కి గర్వించింది. నేటి యువకుల మోజు టర్బో అమర్చిన సెడాన్ కార్ల మీదికి మళ్ళింది. చూపులకు అది సంసారపక్షమైన నాలుగు తలుపుల బండి. లోపల మాత్రం పందెపు గుర్రం. కొత్తది కొనే తాహతు లేనివారు నాలుగు చేతులు మారిన పాతదానిని కొని, దాని శక్తిని ఇంకా పెంచవలెనని తహతహలాడుతున్నారు. పెద్దలు దీనిని డబ్బు తెచ్చిన పిచ్చి అని కొట్టివేస్తారు. పెద్దలకు యంత్రం సంగతి తెలియదని పిల్లలు నవ్వుకుంటారు. ఈ రెండు వాదాలలోనూ కొంత నిజమున్నది, కొంత తొందరపాటున్నది.

నా అభిప్రాయాన్ని మొదటనే విన్నవించుకుంటాను. కారు శక్తిని పెంచే విద్య నింద్యమైనది కాదు. ఉష్ణశాస్త్రం, లోహశాస్త్రం, గణితం, చేతిపని నాలుగూ కలిసిన చదువు అది. అయితే ఆ విద్యలో చివర చేయవలసిన పనిని మొదట చేయడమే నేడు మనం చూస్తున్న అనర్థానికి మూలం.

ఆంగ్లంలో ఈ పనిని ‘ట్యూనింగ్’ అంటారు. వీణకు, తంబురాకు, సారంగికి చేసే పనిని గూడ వారు ఆ మాటతోనే పిలుస్తారు. మనం దానిని శ్రుతి చేయడం అంటాం. శ్రుతి చేసేవాడు ఒక తీగను బిగిస్తాడు, మరొక దానిని సడలిస్తాడు, మాటిమాటికీ చెవి ఒగ్గి వింటాడు. ఒక్క తీగను తెగేదాకా బిగించిన వానిని ఎవరూ వైణికుడని అనరు. శ్రుతి మించి రాగాన పడడం అనే మన సామెత ఈ కార్ల విషయంలో అక్షరాలా వర్తిస్తుంది.

టర్బోచార్జర్ పనితీరు చూడండి. ఇంజను నుండి వెలువడే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపుతుంది. ఎక్కువ గాలి లోనికి పోతే ఎక్కువ పెట్రోలును మండించవచ్చును. అందుచేత శక్తి పెరుగుతుంది. వృథాగా పోయే పొగ చేతనే పని చేయించుకొనే ఈ ఉపాయానికి స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంటు పొందినాడు.

ఉపాయం పాతదే గాని, దానిని ఇంటి కారులో ఇమిడ్చి మచ్చిక చేయడానికి చాలాకాలం పట్టింది. 1973లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ‘2002 టర్బో’ అనే 170 అశ్వశక్తుల కారును ప్రదర్శించింది. దాని శక్తి వెంటనే అందేది కాదు. అందినప్పుడు ఒక్కసారిగా ముంచుకొని వచ్చేది. అదే ఏడు చమురు సంక్షోభం వచ్చిపడింది. మొత్తం 1,672 కార్లతో దాని కథ ముగిసింది. 1978లో స్వీడన్ దేశపు సాబ్ సంస్థ ‘99 టర్బో’ను అమ్మకానికి తెచ్చింది. వారు చిన్న టర్బోను ఎన్నుకొని, పీడనం మితి మీరకుండ అదనపు పొగను దారి మళ్ళించే కవాటాన్ని అమర్చి, నిత్యం నడిపే వేగాలలోనే శక్తి మెత్తగా అందేటట్లు చేసినారు. 1982 నాటికి మరొక అడుగు వేసి, ఇంజనులో అకాల దహనపు చప్పుడును పసిగట్టే పరికరాన్ని అమర్చినారు. ఆ చప్పుడు వినబడగానే గాలి పీడనం దానంతట అదే తగ్గుతుంది. అంటే ఈ విద్యలో అసలైన ప్రగతి శక్తిని పుట్టించడంలో కంటె, దానిని అదుపులో పెట్టడంలోనే జరిగింది. మన యువకులు ఈ చరిత్రలో మొదటి సగమే చదువుతున్నారు.

మన రోడ్ల మీది ఉదాహరణనే తీసుకుందాం. 2004లో స్కోడా ఆక్టేవియా కారు ‘ఆర్.ఎస్.’ రూపం భారతదేశానికి వచ్చింది. 1,781 ఘన సెంటీమీటర్ల ఇంజను, నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదానికి ఐదు చొప్పున 20 కవాటాలు, 150 అశ్వశక్తులు. ఇదే కుటుంబపు ఇంజను ఐరోపాలో ఆ పేరుగల కారులోనే 180 అశ్వశక్తులతోను, ఆడీ టీటీ కారులో 225 అశ్వశక్తులతోను అమ్ముడుపోయింది. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి మన కుర్రవాడు ఒక నిర్ణయానికి వస్తాడు: “కంపెనీవారు శక్తిని దాచిపెట్టినారు. కంప్యూటరులోని అంకెలు మారిస్తే అది బయటపడుతుంది.”

ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. ఇంజనుకు ఎంత గాలి, ఎంత పెట్రోలు, ఏ క్షణాన నిప్పురవ్వ అన్నవి నిర్ణయించేది కంప్యూటరే. తయారీదారులు అన్ని దేశాల ఎండకు, చలికి, నాసిరకం పెట్రోలుకు, నిర్లక్ష్యపు యజమానికి సైతం తట్టుకొనేటట్లు కొంత జాగా వదిలిపెడతారు. కాని 225 అశ్వశక్తుల ఇంజను లోపలికి తొంగిచూస్తే వేరే సంగతి కనబడుతుంది. దానికి పెద్ద టర్బో ఉన్నది. వేడెక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్లు రెండున్నవి. పెద్ద ఇంజెక్టర్లు, మరింత బలమైన కనెక్టింగ్ రాడ్లు ఉన్నవి. సంపీడన నిష్పత్తిని కొంత తగ్గించినారు. కడుపు పెంచేముందు వెన్నెముకను బలపరిచినారన్నమాట. కేవలం అంకెలు మార్చినవాడు కడుపును మాత్రమే పెంచుతున్నాడు.

ఇంజనీర్లు వదిలిన ఆ జాగా ఎందుకో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఏ వాయువునైనా నొక్కితే వేడెక్కుతుందని ఇంటరు విద్యార్థికి గూడ తెలుసు. మే నెల మధ్యాహ్నం హైదరాబాదు గాలి 42 డిగ్రీల వద్ద ఉన్నదనుకుందాం. నొక్కే చక్రపు సామర్థ్యం నూటికి 70 పాళ్ళనుకుందాం. ఆ గాలి పీడనాన్ని 1.6 రెట్లు చేస్తే దాని వేడి సుమారు 107 డిగ్రీలకు చేరుతుంది. 2 రెట్లు చేస్తే సుమారు 140 డిగ్రీలు. ఇంటర్‌కూలరు దీనిని తగ్గించే మాట నిజమే. కాని నత్తనడక ట్రాఫిక్‌లో దానికి తగిలే గాలి ఏది? అంత వేడి గాలిలో కలిసిన పెట్రోలు నిప్పురవ్వ ఇచ్చిన చోటి నుండి వరుసగా మండక, మూలమూలలా ఒక్కసారిగా పేలుతుంది. దానినే ‘నాకింగ్’ అంటారు. పైగా ఐరోపాలోని 98 ఆక్టేన్ పెట్రోలుకు కుదిర్చిన అంకెలను 91 ఆక్టేన్ పెట్రోలు పోసే కారులోనికి ఎక్కించేవారు గూడ ఉన్నారు. జనవరి ఉదయం చక్కగా పాడిన ఇంజను మే మధ్యాహ్నం ప్రాణం విడవడంలో వింత లేదు.

నగరంలోని ఒక చిన్న మరమ్మతు దుకాణంలో అటువంటి ప్రాణం విడిచిన ఇంజను పిస్టన్‌ను నేను చేతబట్టి చూసినాను. దాని అంచు ఒకవైపు ఎలుక కొరికిన రొట్టెముక్కలా ఉన్నది. కారు యజమాని డిగ్రీ చదివే కుర్రవాడు. గల్ఫ్‌లో కష్టపడే అన్న చెల్లెలి పెళ్ళికోసం పంపిన డబ్బులో కొంత అడిగి తీసుకొని ఆ పాత కారు కొన్నాడు. ఎవరో లాప్‌టాప్ పట్టుకొని వచ్చి అరగంటలో శక్తి పెంచి, రుసుము పుచ్చుకొని వెళ్ళినాడు. స్పార్కు ప్లగ్గులు తీసి చూడలేదు. పెట్రోలు పంపు పీడనం కొలవలేదు. గాలికీ పెట్రోలుకూ నిష్పత్తి ఎట్లున్నదో పరీక్షించలేదు. మూడు వారాల ఆనందం పిమ్మట ఇంజను బల్ల మీదికి చేరింది. నెరసిన గడ్డం గల ఆ దుకాణపు ఉస్తాద్ కోప్పడలేదు. “బేటా, ఎంత పెరుగుతుందని అడిగినావు గాని, ఎంత మోస్తుందని అడగలేదు. ఇంజను పాపం చాలాసార్లు చెప్పింది, నువ్వు పాట పెద్దగా పెట్టుకొని వినలేదు” అన్నాడు. ఆ కుర్రవాడు తల వంచుకొని, “అన్నకు ఏమి చెప్పాలి ఉస్తాద్?” అని మాత్రం అడిగినాడు. ఆ ప్రశ్నకు ఉస్తాద్ దగ్గర గాని నా దగ్గర గాని జవాబు లేకపోయింది.

ఇంజను పోతే డబ్బుతో పోయింది. బ్రేకు చాలకపోతే డబ్బుతో పోదు. కదిలే వస్తువు శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారును పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆపడానికి దాదాపు 50 మీటర్లు కావలెను. 140 కిలోమీటర్ల వేగమైతే దాదాపు 96 మీటర్లు. కంటికి కనబడి కాలు బ్రేకు మీద పడే ఒక్క సెకను వ్యవధిలో జరిగే ప్రయాణాన్ని గూడ కలిపితే, మొదటిది 77 మీటర్లు, రెండవది 135 మీటర్లు. వేగం పెరిగింది 40 పాళ్ళే. ఆపుదల దూరం పెరిగింది 75 పాళ్ళకు పైగా. అరిగిన టైర్లు, పాతబడిన బ్రేకు నూనె, సడలిన సస్పెన్షన్ గల కారుకు మరొక 50 అశ్వశక్తులు చేర్చడం, కళ్ళెం లేని గుర్రానికి కొరడా దెబ్బ వేయడం వంటిది. రోడ్డు దాటే వృద్ధునికి, బడినుండి వచ్చే పిల్లకు ఆ గుర్రపు సంగతి తెలియదు. వారు ఈ వినోదానికి సమ్మతించినవారు కారు.

శబ్దం కోసం, మరి నాలుగు అశ్వశక్తుల కోసం పొగగొట్టంలోని శుద్ధి పరికరాన్ని తీసివేసేవారు గూడ ఉన్నారు. ఆ విషవాయువు పీల్చేది తాను కాదు, వెనుక స్కూటరు మీద వచ్చేవాడు. ఇంకొకరు ఇంజనును పిండి పిప్పి చేసి, పాత అంకెలను తిరిగి ఎక్కించి, ఏమీ తెలియని కొనుగోలుదారునికి అంటగడతారు. దీనిని యంత్రవిద్య అని ఎవరనగలరు? ఇది దగా.

ఇక చట్టం. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నొక్కి చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలల వరకు జైలు, లేక రెండూ విధించే వీలు ఏర్పడింది. చట్టాన్ని మన్నించవలసినదే. అయితే కేవలం నిషేధంతో ఈ మోజు చావదని గూడ అంగీకరించవలెను. అది వీధి చివరి చీకటి దుకాణానికి మారుతుంది. పరీక్షించే కన్ను లేని చోట పెరుగుతుంది. జర్మనీలో ముందుగా ఆమోదం లేని మార్పు చేసినవాడు కారును అధికృత పరీక్షకుని ముందు నిలిపి, బ్రేకులు, చక్రాలు, పొగ, శబ్దం అన్నీ చూపించి, ఆ మార్పును వాహన పత్రంలో నమోదు చేయించుకుంటాడు. చేయించనివాని కారుకు రోడ్డెక్కే హక్కు పోతుంది. అటువంటి తనిఖీ విధానం మన దేశంలోనూ రావలెనని నా కోరిక. అది వచ్చేదాకా ఇటువంటి కార్లకు తగిన చోటు చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు సమీపంలోని కారి వంటి పందెపు పథాలే.

2023 ఫిబ్రవరి 11వ తేదీన మన హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా–ఇ పందెం జరిగింది. ఆనాడు రోడ్డుకు ఇరువైపులా గోడలు కట్టినారు. జనాన్ని దూరంగా నిలిపినారు. వైద్యులు సిద్ధంగా నిలిచినారు. ప్రపంచంలో ఆరితేరిన చోదకులకే అంత రక్షణ అవసరమైనప్పుడు, అర్ధరాత్రి అదే రోడ్డు మీద దూసుకొనిపోయే మన కుర్రవానికి ఏ రక్షణ ఉన్నది?

మన కళాశాల విద్యార్థులలో ఈ విద్య పట్ల ఆసక్తి గలవారు ఎందరో నాకు తెలుసు. వారిలో కొందరి తండ్రులు, మేనమామలు పేరుమోసిన మెకానిక్కులు. పానా, మరమ్మతు, ఉస్తాద్ అనే మాటలు ఉర్దూ ఇంటిలోను, తెలుగు ఇంటిలోను ఒక్క తీరుగానే పలుకుతాయి. ఉస్తాద్ దగ్గర చేరిన షాగిర్ద్ మొదటి రోజున ఇంజను మీద చేయి వేయడు. భాగాలు కడుగుతాడు, బోల్టులు వరుసగా పేరుస్తాడు, బ్రేకులు సరిచేస్తాడు, వింటాడు. ఇంజనును విప్పే రోజు ఎన్నో నెలలకు గాని రాదు. ఆ వరుసలో గొప్ప వివేకమున్నది. ఈ కార్ల విషయంలోనూ అదే వరుస కావలెను. మొదట ఉన్న యంత్రాన్ని ఆరోగ్యవంతం చేయాలి. పిదప టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్. ఆ తరువాత చల్లదనం, పెట్రోలు సరఫరా. అటు పిమ్మట కొలత. అన్నిటికీ చివర, చట్టం ఒప్పిన చోట, శక్తి. ఈ వరుసలో మూడు మెట్లెక్కిన చాలామందికి నాలుగవ మెట్టు మీద కోరిక తగ్గిపోవడం నేను చూసినాను. బాగా ఆగే కారు, నమ్మకంగా మలుపు తిరిగే కారు ఇచ్చే ఆనందం వారికి చాలిపోయింది.

మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉష్ణమాపకాలు, పీడనమాపకాలు ఉన్నవి. నగరంలో అనుభవజ్ఞులైన ఉస్తాద్‌లున్నారు. ఏడాదికి నాలుగు ఆదివారాలు వీరిద్దరినీ ఒకచోట కూర్చితే, పుస్తకం చదివినవానికి చెవి వస్తుంది, చెవి ఉన్నవానికి లెక్క వస్తుంది. కళాశాల పెద్దలు ఈ సూచనను ఆలోచింతురు గాక. విద్యార్థి మిత్రులు మాత్రం అందాకా ఆగనవసరం లేదు. లాప్‌టాప్ పట్టుకొని వచ్చేవానిని పిలిచేముందు మీ కారు బ్రేకు నూనె ఎప్పుడు మార్చినారో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. జ్ఞాపకం రాకపోతే, మీ కారును శ్రుతి చేయవలసిన మొదటి తీగ అదే.