పడవ పందెం ఒక్కరోజు, నొప్పి ప్రతిరోజూ



"హాస్పిస్" అనగానే మనలో చాలామందికి భయం. "అక్కడికి పంపుతున్నారంటే ఇక ఆశ వదులుకోమనేగా డాక్టరుగారూ?" అని బంధువులు అడుగుతుంటారు. కాదండీ. జబ్బు నయం కాకపోయినా నొప్పిని, ఆయాసాన్ని, పుండ్ల బాధను, దిగులును తగ్గించవచ్చు. మొదట నర్సుగా, తరువాత డాక్టరుగా పనిచేసిన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో హాస్పిస్ ప్రారంభించింది ఈ నమ్మకంతోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఇటువంటి సేవ అవసరం. అందుతున్నది సుమారు 14 శాతం మందికే.

మరి ఖర్చు ఎవరు భరించాలి? హాస్పిస్‌కు వచ్చేసరికే ఆ కుటుంబం పొలం, బంగారం అమ్ముకుని ఉంటుంది. వారిని బిల్లు అడగలేము. బ్రిటన్‌లో కూడా హాస్పిస్‌లు ఎక్కువగా ప్రజల విరాళాల మీదే నడుస్తాయి. అక్కడ చాలా ఊళ్లలో డ్రాగన్ పడవల పోటీ పెట్టి డబ్బు పోగుచేస్తారు. ఒక్కో పడవలో పది మందో ఇరవై మందో తెడ్లు వేస్తారు, ముందు ఒకరు డప్పు కొడతారు, వెనుక ఒకరు దారి తప్పకుండా చూస్తారు. ప్రతి జట్టు తెలిసినవారి వద్ద చందాలు వసూలు చేసి తెస్తుంది.

మనకూ కాలువలున్నాయి, గోదావరి ఉంది. 2025 సంక్రాంతికి కోనసీమలో ఆత్రేయపురం కాలువలో పడవ పోటీలు జరిగాయి. అటువంటి పండుగను హాస్పిస్ కోసం ఎందుకు జరుపకూడదు? జరుపవచ్చుననే నా అభిప్రాయం. అయితే మూడు మాటలు మరువకూడదు.

మొదటిది, ప్రాణభద్రత. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదాన్ని మన జిల్లాలు మరచిపోలేదు. లైఫ్ జాకెట్ లేనివారిని, ఎంత ఈత వచ్చినా సరే, పడవ ఎక్కించకూడదు. వరద రోజుల్లో ఆ తలంపే వద్దు.

రెండవది, లెక్క. షామియానా, మైకు, శాలువాలు, భోజనాలు పోగా మిగిలినదే రోగికి చేరుతుంది. వచ్చినదెంత, ఖర్చెంత అన్నది నోటీసు బోర్డు మీద అంటించాలి.

మూడవది, రోగి గౌరవం. విరాళాల కోసం బాధపడేవారిని వేదిక ఎక్కించి, ఫోటోలు తీసి చూపించవద్దు. మన అమ్మనో నాన్ననో అలా నిలబెడితే ఒప్పుకుంటామా?

ఇంకొక సంగతి. పడవ పందెం ఒక్కరోజులో ముగుస్తుంది. మార్ఫిన్ మాత్ర, గాజుగుడ్డ, ఇంటికి వెళ్లే నర్సు ప్రయాణ ఖర్చు ప్రతిరోజూ కావాలి. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన సేవ ఊరూరా పాకింది. కారణం పెద్ద దాతలు మాత్రమే కాదు. మామూలు మనుషులు తలా కొంచెం డబ్బూ కొంచెం సమయమూ ఇచ్చారు, ఇరుగుపొరుగువారే పుండు కడగడం నేర్చుకున్నారు.

కాబట్టి పడవ ఎక్కే ప్రతి జట్టూ ఏడాది పొడవునా ఒక రోగి మందుల ఖర్చు మోస్తామని ముందే మాట ఇవ్వాలి. గెలిచిన జట్టుకు కప్పు ఇద్దాం. మాట నిలబెట్టుకున్న జట్టుకు మాత్రం ఒక మనిషి నొప్పి లేకుండా నిద్రపోయిన రాత్రులే బహుమానం. మీ ఇంట్లో ఈ మాట ఒకసారి ఆలోచించండి.